ప్రోటో స్లావోనిక్ గారి జీవన ప్రమాణ పత్రం

ఉత్తరతీర విశ్వవిద్యాలయంలో ఏ సబ్జెక్టు బతికుందో, ఏది చచ్చిందో తేల్చి పారెయ్యాలన్న గొప్ప ఆలోచన ఎవరికి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. వైస్ చాన్సలరు గారికి వచ్చిందని రిజిస్ట్రారు గారంటారు. రిజిస్ట్రారు గారికే వచ్చిందని వైస్ చాన్సలరు గారంటారు. ఇలాంటి ఆలోచనల దగ్గర మన పెద్దల వినయం అంతా ఇంతా కాదు. మొత్తానికి అక్టోబరు ఆఖర్న సర్క్యులరు దిగింది.

"విశ్వవిద్యాలయమునందు బోధింపబడుచున్న ప్రతి విషయమును, తాను సజీవముగా నున్నట్లు నవంబరు 30వ తేదీలోగా 'సజీవ' పోర్టల్ నందు స్వయముగా హాజరై ధ్రువీకరించుకొనవలెను. అట్లు ధ్రువీకరించుకొనని విషయములు హేతుబద్ధీకరింపబడును. సదరు విషయముల గదులు ఎస్టేటు విభాగమునకును, కాగితములు తుక్కు కాంట్రాక్టరుకును అప్పగింపబడును."

'సజీవ' పోర్టల్ నిజానికి పింఛను తీసుకునే ముసలివాళ్ళ కోసం తయారైంది. ఏటా నవంబరులో వాళ్ళు వచ్చి, బొటనవేలు నొక్కి, ఇంకా ఉన్నామని చెప్పుకునే ఏర్పాటు. దాన్నే విశ్వవిద్యాలయం తెచ్చుకుంది. వ్యవధి లేక 'పింఛనుదారు' అన్నచోట 'విషయము' అని మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచేశారు.

ఇక 'హేతుబద్ధీకరణ' అంటే మూసెయ్యడం. మూసెయ్యడం అన్న మాట పరిపాలనా భవనంలో ఎవరూ నోటితో అనరు.

ఆ సర్క్యులరు విదేశీ భాషల బ్లాకులో పద్నాలుగో నంబరు గదికి చేరేసరికి డాక్టర్ కందాళ హైమవతి కార్డులు రాసుకుంటోంది. చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తరవాత కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది.

ఆవిడ సబ్జెక్టు ప్రోటో స్లావోనిక్. రష్యన్, పోలిష్, చెక్, బల్గేరియన్, ఇంకా అలాంటి ఓ డజను భాషలకి తల్లి. పదిహేను వందల ఏళ్ళ కిందట తూర్పు యూరప్‌లో మాట్లాడుకున్న భాష. మాట్లాడుకున్నారే గానీ ఆ మహానుభావులు ఒక్క ముక్క రాసిపెట్టలేదు. అందుకని పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి తల్లి పోలికలు వెతకాలి. కోటకీ పట్నానికీ రష్యన్ 'గోరద్' అంటుంది, పోలిష్ 'గ్రుద్' అంటుంది, చెక్ 'హ్రద్' అంటుంది, బల్గేరియన్ 'గ్రాద్' అంటుంది. నాలుగూ నాలుగు దారులు పట్టకముందు తల్లి 'గోర్దు' అని ఉండాలి. విన్నవాడు లేడు, రాసినవాడు లేడు. అందుకే అలాంటి మాట పక్కన చిన్న నక్షత్రం పెడతారు. ఆధారం కళ్ళతో చూడలేదు గానీ ఉండి ఉండాలి అని దానర్థం.

"ఉండి ఉండాలి" అన్నది హైమవతి గురువు ఆచార్య ఈయుణ్ణి సౌమ్యనారాయణ గారి మాట. మాస్కోలో చదువుకుని వచ్చిన ఆయన, స్లావ్ మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలుగులో చెప్పే నిఘంటువు ఒకటి మొదలుపెట్టారు. మాటకొక కార్డు. ఇరవైనాలుగు సొరుగుల చెక్క బీరువా. తొమ్మిది సొరుగులు నింపి ఆయన వెళ్ళిపోయారు. ఇరవైఎనిమిదేళ్ళలో హైమవతి మరో పన్నెండు నింపింది. ఇంకా మూడు సొరుగులున్నాయి, రిటైరవడానికి రెండున్నరేళ్ళుంది. ఈ లోపల సబ్జెక్టు చచ్చిందని తేలితే పదకొండు వేల కార్డులూ తుక్కు కాంట్రాక్టరు తక్కెట్లోకి పోతాయి. పిల్లల పరీక్ష పేపర్లతో కలిపి.

"ఏటి మేడమ్, మొకం అలాగయిపోయింది?" అన్నాడు అటెండరు దాలినాయుడు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. ఇరవైరెండేళ్ళుగా ఆ గది ఊడ్చి, ఆ కార్డుల దుమ్ము దులిపి, వద్దన్నా ఆ పాఠాలు వింటూ ఉన్న మనిషి.

"మన సబ్జెక్టు బతికుందని రుజువు చెయ్యాలట నాయుడూ."

"బతికే ఉంది గదా. పొద్దున్నే దులిపీసినాను."

హైమవతికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సర్క్యులరు మడిచి సంచీలో పెట్టుకుని, నాయుణ్ణి ఫైలు పట్టుకు రమ్మని, పరిపాలనా భవనానికి బయల్దేరింది.

సూపరింటెండెంటు బెహరా జగన్నాథం గారి సెక్షను ముందు సబ్జెక్టులన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. అంటే ఆ శాఖల అధిపతులన్నమాట. భౌతికశాస్త్రం వేలు నొక్కి ఆకుపచ్చ దీపం తెచ్చుకుని మీసం దువ్వుకుంటూ వెళ్ళింది. వృక్షశాస్త్రానికి రెండోసారికి గానీ పడలేదు. తత్వశాస్త్రం మాత్రం "స్వయముగా అనగా ఎవరు?" అని ఆరా తీస్తూ కూర్చుని, తన వంతు దాటబెట్టుకుంది.

బెహరా గారు మంచి మనిషే. ముప్ఫై ఏళ్ళుగా ఏ కాలమూ ఖాళీగా వదలని మనిషి. హైమవతిని కూర్చోబెట్టి కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు.

"విషయము పేరు చెప్పండి మేడమ్ గారూ."

"ప్రోటో స్లావోనిక్."

"తండ్రి పేరు?"

"అదే తేలలేదండీ. మూలపురుషుడు ప్రోటో ఇండో యూరోపియన్. మధ్యలో బాల్టో స్లావిక్ అని ఒకరున్నారో లేదో నూరేళ్ళనుంచి తగువు. ఉన్నారంటే ఆయన తండ్రి, ఈయన తాత. లేరంటే ఈయనే తండ్రి."

"కోర్టులో ఉందా తగువు?"

"పుస్తకాల్లో ఉంది."

"కోర్టులో లేనప్పుడు మనకి అడ్డు లేదు. తాతగారి పేరే వేసేద్దాం. పుట్టిన ఊరు?"

"ప్రిప్యాత్ నది బురదనేలల్లో అని కొందరంటారు. కాదు, ఇంకా దక్షిణంగా నీపర్ నది ఒడ్డున అని కొందరు. విస్తులా దగ్గరని మరికొందరు."

బెహరా గారు తెరమీద మీటలు నొక్కి తల అడ్డంగా ఊపారు. "ఇందులో మన రాష్ట్రం జిల్లాలు తప్ప లేవండీ. ఏదో ఒకటి ఎంచుకోకపోతే కిందికి పోనివ్వదు. బురదనేలలన్నారు గదా? అయితే కొల్లేరే. ఏలూరు జిల్లా."

"అయ్యో, అదెలా కుదురుతుందండీ!"

"సరిదిద్దుకోడానికి తరవాత వేరే దరఖాస్తు ఉంది లెండి. పుట్టుమచ్చలు రెండు చెప్పండి."

హైమవతి తల పట్టుకుంది. కానీ పదకొండు వేల కార్డులు కళ్ళముందు కనపడ్డాయి. "ఒకటి, ముక్కుతో పలికే అచ్చులు ఉండేవి. రెండు, పలికీ పలకనట్టుండే పొట్టి అచ్చులు ఉండేవి," అంది.

"ముక్కు మీద ఒకటి," అని బెహరా గారు శ్రద్ధగా కొట్టుకున్నారు. "లిఖితపూర్వక ఆధారం?"

"ఒక్కటీ లేదండీ. మేం నక్షత్రం గుర్తు పెడతాం. కాగితం లేదు గానీ ఉండి ఉండాలి అని దానర్థం."

బెహరా గారి వేళ్ళు ఆగిపోయాయి. కాగితం లేకపోయినా ఉండడానికి ఒక గుర్తుందన్న సంగతి ఆయనకి ఇన్నేళ్ళ సర్వీసులో తెలియదు. ఇన్నాళ్ళూ ఎంతమందిని ఊరికే తిప్పి పంపించానా అన్నట్టు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తరవాత ఆ కాలమ్‌లో నక్షత్రం కొట్టి, దాని భావం తన డైరీలో కూడా రాసుకున్నారు.

"ఇహ చివరిది. సజీవమా, మృతమా? అన్నీ 'ఉండేవి, ఉండేవి' అంటున్నారు గదా, మృతం అని టిక్కు పెట్టేస్తాను."

"ఆగండి!" అంది హైమవతి.

"ఆగేదేముందండీ, నిబంధన. మరణించిన తేదీ చెప్పండి."

"తేదీ అంటూ లేదండీ. ఓ రోజున పోయిన భాష కాదది. ఊరూరా మాట కొంచెం కొంచెం మారుతూ, మూడు నాలుగు వందల ఏళ్ళలో పిల్లలుగా విడిపోయింది. నిన్న ఉంది, ఇవాళ లేదు అని ఎవరికీ తెలియలేదు. ఎవళ్ళకి వాళ్ళు అమ్మ మాటే మాట్లాడుతున్నామనుకున్నారు."

"శవం?"

"లేదు."

"చూసిన సాక్షి?"

"లేడు."

బెహరా గారు టిక్కు పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకున్నారు. ముఖం గంభీరమైపోయింది. "తేదీ లేదు, శవం లేదు, సాక్షి లేడు. మృతం అని నేనెలా రాస్తానండీ, నా ఉద్యోగం ఊడిపోదూ? మరణం రుజువు కానంతవరకూ మనిషి బతికున్నట్టే లెక్క. సజీవం. వేలు పెట్టమనండి."

"ఎవర్ని?"

"విషయం గారిని."

హైమవతి తనే బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎరుపే. ఇరవైఎనిమిదేళ్ళు కార్డులు తిప్పి తిప్పి ఆ వేలు గీతలన్నీ అరిగిపోయి, నున్నగా గాజుపెంకులా అయిపోయింది. హాజరు యంత్రం కూడా ఒప్పుకోక, ఆవిడ ఒక్కతీ ఇప్పటికీ రిజిస్టర్లోనే సంతకం పెడుతోంది. నాలుగోసారి తప్పితే ఖాతా మూసుకుపోతుందని తెరమీద అక్షరాలు మెరుస్తున్నాయి. మూడోసారి కూడా ఎరుపే వచ్చింది.

"విషయముతో నిత్య భౌతిక సంబంధం గల వ్యక్తి అయినా పరవాలేదని ఉంది," అన్నారు బెహరా గారు నిబంధనల పుస్తకం తిరగేస్తూ. "అటువంటి వారెవరైనా..."

"రోజూ దులిపేది నానే గదా బాబూ," అని దాలినాయుడు ఫైలు చంకలో పెట్టుకుని, వేలు తుడుచుకుని, నొక్కాడు.

ఆకుపచ్చ దీపం వెలిగింది. "అభినందనలు! ప్రోటో స్లావోనిక్ గారు సజీవులు. వయస్సు 1500 సంవత్సరములు. స్వస్థలం ఏలూరు జిల్లా."

హైమవతి గది దాకా నడిచింది అనడం కంటే తేలింది అనడం మేలు. దారిలో నాయుడికి మిర్చి బజ్జీలు ఇప్పించింది. కార్డులు దక్కాయి. ఇంకేం కావాలి?

అక్కడితో ఆగితే అది విశ్వవిద్యాలయమే కాదు. రిజిస్ట్రారు ఆచార్య కోలవెన్ను త్రివిక్రమరావు గారు పోర్టల్ జాబితా తెరిచి, వయసు వరసలో పేర్చి చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మన ప్రాంగణంలో పదిహేను వందల ఏళ్ళ వృద్ధులుండగా ఇన్నాళ్ళూ ఒక శాలువా అయినా కప్పలేదా! అంతకన్నా నామర్దా ఉందా? వెంటనే సన్మాన సంఘం వేశారు. ఏలూరు నుంచి రెండు బస్సుల నిండా పెద్దలు "మా జిల్లా బిడ్డ" అన్న బ్యానరు కట్టుకుని వచ్చారు. కొల్లేటి వాళ్ళు చేపల బుట్ట కూడా తెచ్చారు.

"సభాసదులారా!" అన్నారు రిజిస్ట్రారు గారు వేదిక మీద. "ప్రాచీనతయందు గాని, ప్రశాంతతయందు గాని ప్రోటో స్లావోనిక్ గారిని మించినవారు లేరు. పదిహేను వందల సంవత్సరముల సుదీర్ఘ సేవలో వారిపై ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క దినము అనధికార గైర్హాజరు లేదు. నేటి సిబ్బంది వారిని చూచి నేర్చుకొనవలెను!"

చప్పట్లు మోగాయి. వేలిముద్ర ఎవరిదో వారే ఆ వ్యక్తి కాబట్టి శాలువా దాలినాయుడికి కప్పారు. రెండు మాటలు సెలవియ్యమన్నారు. నాయుడు హైమవతి వైపు చూశాడు. ఆవిడ మొదటి వరసలో ఒళ్ళంతా చెమటలు పట్టి కూర్చుని ఉంది.

"నాకేటి తెల్దండి," అన్నాడు నాయుడు మైకులో. "మేడమ్ సెప్పిందే సెప్తాను. ఆ అడివిలో ఎలుగుబంటి ఉండేదండి. దాని అసలు పేరు పలికితే వచ్చి మీద పడిపోద్దని బయం. అందుకని 'తేనె తినీవోడు' అనీవోరు. 'మెద్వేది' అంటే అదేనండి. అలాగ అనీసి అనీసి అసలు పేరే మర్సిపోనారు. మావూళ్ళో కూడా పాముని పాము అనం, పురుగంటాం. మడిసి ఎక్కడైనా మడిసే గదండి. బయం ఒకలాగే ఉంటాది."

హైమవతి కళ్ళు చెమర్చాయి. ఇరవైఎనిమిదేళ్ళలో ఎం.ఏ. పిల్లల్లో ఒక్కడు కూడా పరీక్షలో అంత బాగా రాయలేదు.

రిజిస్ట్రారు గారు కూడా కదిలిపోయారు. ఎంతగా అంటే, రాష్ట్రంలోకెల్లా పెద్దవారైన ప్రోటో స్లావోనిక్ గారి భద్రత నిమిత్తం పద్నాలుగో గదికి వేలిముద్ర తాళం పెట్టించాలని అక్కడికక్కడే ఆజ్ఞాపించారు. అదే ఊపులో, సబ్జెక్టుల ధ్రువీకరణ ఇంత జయప్రదం అయింది గనక సిబ్బంది అందరికీ కూడా జరపాలని ప్రకటించేశారు.

సోమవారం హైమవతి గదికి వచ్చేసరికి కొత్త తాళం ఉంది. వేలు పెట్టింది. ఎర్ర దీపం. పరిపాలనా భవనానికి వెళ్ళి సిబ్బంది ధ్రువీకరణ యంత్రం మీద పెట్టింది. ఎర్ర దీపం, ఎర్ర దీపం, ఎర్ర దీపం, ఎర్ర దీపం. సాయంత్రానికి మెమో వచ్చింది.

"డా. కందాళ హైమవతి అను వారు సజీవులైనట్లు ధ్రువపడలేదు. ధ్రువపడు పర్యంతము వారు పద్నాలుగవ నంబరు గదిలో ప్రవేశించుట గాని, కార్డులను స్పృశించుట గాని నిషేధింపబడినది. ఈ మెమో అందినట్లు వారు స్వయముగా సంతకము చేయవలెను."

ఆవిడ సంతకం చేసింది. చచ్చినవాళ్ళు సంతకం ఎలా చేస్తారని ఎవరూ అడగలేదు. ఫైల్లో సంతకం ఉంటే చాలు.

పదిరోజులు హైమవతి పద్నాలుగో గది బయట వరండాలో స్టూలు మీద కూర్చుంది. లోపల నాయుడు కార్డులు దులుపుతుంటే కిటికీ ఊచల్లోంచి చూస్తూ ఉండేది. "ఇరవైరెండో సొరుగులో రెండో కార్డు ఒంగింది, సరిచెయ్యి నాయుడూ," అనేది. మనసులో మాత్రం లెక్క నడుస్తూనే ఉంది. మూడు సొరుగులు, రెండున్నరేళ్ళు, అందులో పదిరోజులు పోయాయి. సరదాకి కాదు, ఆవిడకి నిజంగా భయం వేసింది. గురువుగారి పని తన చేతుల్లో ఆగిపోతుందని భయం వేసింది.

"మీ సర్వీసు రిజిస్టరు తెప్పించండి మేడమ్ గారూ," అన్నారు బెహరా గారు. "అందులో ఉంటే ఉన్నట్టే."

సర్వీసు రిజిస్టరు స్కానింగుకి వెళ్ళింది. స్కానింగు వాళ్ళు రికార్డు గదికి పంపామన్నారు. రికార్డు గదిలో దాని స్థానంలో చెదపుట్ట ఒకటి, ఎంతో క్రమశిక్షణతో అదే ఆకారంలో ఉంది. అంటే హైమవతికి ఇప్పుడు లిఖితపూర్వక ఆధారం లేదు.

ఆ మాట విని దాలినాయుడు కోపంతో శాలువా తీసి కుర్చీ మీద కొట్టాడు. ఆ శాలువా ఆఫీసు వేళల్లో తియ్యకూడదని మెమో ఉంది, అయినా తీసేశాడు. "మీరే గదా సెప్పినారు మేడమ్, కాయితం లేని తల్లిని పిల్లల్ని బట్టి పోల్సీయొచ్చనీసి. మీకు పిల్లలు లేరేటి? ఇన్నేళ్ళు ఎవులికి సెప్పినారు పాఠం?"

మర్నాడు ముగ్గుర్ని తీసుకొచ్చి బెహరా గారి ముందు నిలబెట్టాడు. ముగ్గురూ హైమవతి దగ్గర చదువుకున్నవాళ్ళే. ఒకతను రైల్వే టిక్కెట్ల ఇన్‌స్పెక్టరు. ఒకావిడ ఉన్నత పాఠశాల టీచరు. ఇంకొకతను ఓడరేవులో రష్యన్ నావికులకి దుబాసీ. ఒకరి మొహం ఒకరు ఎరగరు.

బెహరా గారు విడివిడిగా పిలిచి అడిగారు. టిక్కెట్టు లేనివాడు ఎదురుపడితే ఏమంటారని ఇన్‌స్పెక్టర్ని అడిగారు. "ఆధారం చూపించు నాయనా, ఆవేశం తరవాత," అంటానన్నాడు. పిల్లాడు హోంవర్కు పోయిందంటే ఏమంటారని టీచర్ని అడిగారు. "ఆధారం చూపించు నాన్నా, ఆవేశం తరవాత," అంది. నావికులు తగువుపడితే ఏమంటావని దుబాసీని అడిగారు. అతను రష్యన్‌లో ఏదో అని, తెలుగులో చెప్పాడు. అదే మాట. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకోవడం కూడా ముగ్గురిదీ ఒకే తీరు.

బెహరా గారు ఒకదాని కింద ఒకటి రాసుకుని చాలాసేపు చూశారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొట్టమొదటిసారి ఆయన మొహంలో ఆలోచన లాంటిది కనపడింది. "ఈ ముగ్గురూ ఒకరి దగ్గర్నుంచి ఒకరు నేర్చుకునే అవకాశం లేదు. అంచేత ముగ్గురికీ మూలం ఒకటి ఉండి ఉండాలి," అని ఫైల్లో రాశారు. అంతే. అచ్చంగా సౌమ్యనారాయణ గారి వాక్యం.

రిజిస్ట్రారు గారి ఉత్తర్వు వారంలో వచ్చింది. "శిష్యుల సాక్ష్యముల తులనాత్మక పరిశీలన మేరకు డా. హైమవతి అను వారు ఉండి ఉండవలెనని భావింపబడుచున్నది. కావున వారి పేరునకు ముందు నక్షత్రము గుర్తు ఉంచి, ప్రోటో స్లావోనిక్ గారి సమక్షమున మాత్రమే, వారి ఆశ్రితురాలి హోదాలో, గదిలో ప్రవేశించుటకు అనుమతించడమైనది."

మెళ్ళో కొత్త గుర్తింపు కార్డు. అందులో నక్షత్రం, పక్కన హైమవతి. నాయుడు వేలు నొక్కి తలుపు తీశాడు. ఆవిడ లోపలికి వెళ్ళి, బీరువాని చేత్తో ఒకసారి నిమిరి, కూర్చుని, కలం తీసింది. పగ తీర్చుకునే ఓపిక లేని మనిషి. అయినా ఒక ఖాళీ కార్డు ముందుకు లాక్కుని, పెన్సిలుతో మొదట నక్షత్రం వేసింది. పక్కన తన పేరు రాసింది. కింద ఇలా రాసింది: "లిఖిత ఆధారం లేదు. వేలిముద్ర లేదు. శిష్యుల మాటల్ని బట్టి ఉండి ఉండాలి."

నాయుడు వెనకనించి చదివాడు. "అదేటి మేడమ్? 'ఉంది' అని రాసీయొచ్చు గదా?"

"కళ్ళతో చూసిన సాక్షి ఉంటే తప్ప నక్షత్రం తియ్యకూడదు నాయుడూ. శాస్త్రం ఒప్పుకోదు."

"నాను సూత్తన్నాను గదా," అన్నాడు నాయుడు.

హైమవతి తలెత్తి చూసింది. శాలువా భుజాన వేసుకుని, చేతిలో దుమ్ముగుడ్డతో నిలబడి ఉన్నాడు. పదిహేను వందల ఏళ్ళ పెద్దమనిషి, ప్రభుత్వం ధ్రువీకరించిన సజీవ సాక్షి. ఆయన చూశానంటే కాదనే అధికారం రిజిస్ట్రారు గారికి కూడా లేదు.

ఆవిడ సొరుగు తీసి రబ్బరు వెతుక్కుంది. నక్షత్రాన్ని మెల్లగా చెరిపేసి, కార్డు మీది పొడి ఊదేసి, ఇరవైరెండో సొరుగు దగ్గరికి లాక్కుని, తరవాతి మాట మొదలుపెట్టింది.